పాత మారుతి 800లో మిస్సింగ్: బోరింగుకు ఒప్పుకునే ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ నాన్నగారు వాడిన 1994 మోడల్ కార్బ్యురేటర్ మారుతి 800 ఆరు నెలల పాటు షెడ్డులో కదలకుండా ఉంది. వానలు మొదలయ్యాక బయటికి తీస్తే ఐడ్లింగులో, అంటే యాక్సిలరేటరు తొక్కనప్పుడు, ఇంజను ఊగిపోతోంది. నిలబెట్టి రేజ్ చేస్తే కొంత సర్దుకుంటోంది గానీ, మూడో గేరులో ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఎక్కిళ్లు పెడుతూ లాగలేకపోతోంది. ప్లగ్గులు కొత్తవి వేయించారు, కార్బ్యురేటర్ విప్పి కడిగించారు, అయినా తగ్గలేదు. ఇప్పుడు ఇంజను బోరింగుకు, అంటే అరిగిన సిలిండర్లను కోసి పెద్ద పిస్టన్లు వేసే పనికి, వచ్చిందని మెకానిక్ అంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అని మీరు అడుగుతున్నారు.

ఇప్పుడే ఒప్పుకోవద్దు. బోరింగ్ అవసరం లేదని నేను తేల్చి చెప్పడం లేదు. కానీ మీరు రాసిన వివరాలలో కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) కొలిచిన అంకె ఒక్కటి కూడా లేదు, ఏ సిలిండరు పనిచేయడం లేదో కూడా ఎవరూ చూసినట్టు లేదు. ఈ రెండూ తెలియకుండా ఇంజను విప్పడమంటే జ్వరం చూడకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కించడమే. ముప్పై ఏళ్లకు పైగా ఈ బండ్లతోనే గడిపినవాడిగా చెబుతున్నాను, వాన మొదలవగానే మొదలైన మిస్సింగుకు, అంటే సిలిండరు మండకుండా తప్పడానికి, కారణం పిస్టన్ రింగులు కావడం చాలా అరుదు.

మీ బండిలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. సిలిండర్లు మండే వరుస (ఫైరింగ్ వరుస) 1-3-2. టైమింగ్ బెల్టు వైపున ఉన్నది ఒకటో సిలిండరు. ఐడ్లింగులో క్రాంకు నిమిషానికి 900 చుట్లు తిరుగుతుందనుకుంటే ఒక్కో సిలిండరు 450 సార్లు, అంటే సెకనుకు ఏడెనిమిది సార్లు మండాలి. వాటిలో ఒక సిలిండరు మండడం మానేస్తే మూడో వంతు శక్తి పోయినట్టే. నాలుగు సిలిండర్ల బండి ఈ లోటును కొంత దాచుకోగలదు, మూడింటి బండి దాచుకోలేదు. అందుకే స్టీరింగు, గేరు రాడ్డు, చివరికి అద్దాలు కూడా వణుకుతాయి. ఇది చూసేవారికి భయంగా ఉంటుంది గానీ, లోపం ఎక్కడుందో వెతకడానికి మాత్రం ఈ ఇంజను చాలా అనుకూలమైనది.

ముందుగా చెవితో మొదలుపెట్టండి. ఇంజను వేడెక్కాక బండి వెనక్కి వెళ్లి సైలెన్సరు దగ్గర ఒక నిమిషం నిలబడి వినండి. ఒకే తాళంలో, లెక్కపెట్టగలిగినట్టుగా ‘దుబ్... దుబ్...’ అని వస్తుంటే ఒక్క సిలిండరే పనిచేయడం లేదని అర్థం. తాళం లేకుండా ఒకసారి ఇటు, ఒకసారి అటు తప్పుతుంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్న దేనిలోనో లోపం ఉందనుకోవాలి. ఎక్కువ వోల్టేజీ పుట్టించే కాయిల్, దాని కరెంటును తెంచే పాయింట్లు, వాటికి తోడుండే కండెన్సర్, ఆ వోల్టేజీని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటరు షాఫ్టు బుష్, లేదా పెట్రోలు సరఫరా ఆ కోవలోకి వస్తాయి. తరువాత ఒక పలచటి కాగితపు ముక్కను సైలెన్సరు నోటికి రెండు అంగుళాల దూరంలో పట్టుకోండి. మంచి ఇంజను దాన్ని ఎప్పుడూ బయటికే నెడుతుంది. కాగితం మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుపోయినట్టు గొట్టానికి అతుక్కుంటుంటే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదేమోనని అనుమానించాలి. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, పాతకాలపు మిస్త్రీలు అందరూ చేసేవారు.

ఇప్పుడు అసలు పని, ఏ సిలిండరో పట్టుకోవడం. చాలామంది నడుస్తున్న ఇంజను మీదే ప్లగ్ వైరు పీకేస్తారు. అందులో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, కాయిల్ నుంచి 15,000 వోల్టులకు పైగా వస్తుంది కనుక పాత బూటు పట్టుకున్న చేతికి గట్టి దెబ్బ తగులుతుంది. రెండవది, ఎర్త్ దొరకని ఆ వోల్టేజీ కాయిల్‌లోనో, రోటరులోనో కొత్త దారి తొలుచుకుంటుంది. కాబట్టి ఇంజను ఆపి, ఒక వైరు తీసి, దాని చివర పాత ప్లగ్గు ఒకటి తొడిగి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజనుకు గట్టిగా తగిలేట్టు కట్టి, అప్పుడు స్టార్టు చేయండి. ఇలా ఒకటి, రెండు, మూడు వరుసగా చూడండి. పనిచేస్తున్న సిలిండరు వైరు తీసినప్పుడు ఇంజను మరింత కుంగుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఏ వైరు తీసినా తీయకపోయినా ఏ తేడా రాలేదో, అదే చచ్చిన సిలిండరు. ప్రతిసారీ కొద్ది సెకన్లు మాత్రమే నడపండి, ఎందుకంటే మండని పెట్రోలు బోరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. మీ బండి తరువాతి మోడళ్లలో క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటుంది, మండని పెట్రోలు అందులోకి చేరితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది.

ఆ సిలిండరు ప్లగ్గు విప్పి పగటి వెలుతురులో చూడండి. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే పెట్రోలు చేరుతోంది, నిప్పురవ్వ పడడం లేదని అర్థం. జిడ్డుగా, నల్లటి ఆయిలు పూతతో ఉంటే రింగులనో, వాల్వు సీళ్లనో అనుమానించవచ్చు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా, పొడిగా ఉంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. లేత గోధుమ రంగు మంచిదని పాత పుస్తకాలు చెబుతాయి. ఇప్పటి పెట్రోలుతో ఆ రంగు ఇంకా పాలిపోయి కనిపిస్తుంది, దానికి కంగారు పడనవసరం లేదు. ప్లగ్గు గ్యాపు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజితో చూసుకోండి, కొత్తదైనంత మాత్రాన సరిగ్గా ఉంటుందని నమ్మవద్దు. సిలిండర్ హెడ్డు అల్యూమినియం కాబట్టి ప్లగ్గులు ఇంజను చల్లారాకే విప్పి, మొదటి చుట్లన్నీ చేత్తోనే బిగించండి. మర అరిగిపోతే దాని మరమ్మతు మరో పెద్ద కథ అవుతుంది.

ఇక్కడినుంచి ఏ భాగమూ కొనకండి, మార్పిడి చేసి చూడండి. రెండో సిలిండరు చచ్చిందనుకుందాం. దాని ప్లగ్గును మూడో దానిలో, మూడో దాని ప్లగ్గును రెండులో పెట్టండి. మిస్సింగు ప్లగ్గుతో పాటు మూడుకు వెళ్లిపోతే ప్లగ్గుదే తప్పు. కదలకపోతే వైరును కూడా అలాగే చూడండి, పొడవు చాలకపోతే వేరే మంచి వైరు ఒకటి అరువు తెచ్చుకోండి. అప్పుడూ కదలకుండా రెండులోనే ఉండిపోతే మిగిలేవి మూడే. డిస్ట్రిబ్యూటరు క్యాప్‌లో ఆ సిలిండరుకు చెందిన కొన, ఆ సిలిండరులోకి దొంగగాలి (కార్బ్యురేటర్ గుండా కాకుండా లీకుల నుంచి వచ్చే గాలి) చేరడం, లేదా కంప్రెషన్ లేకపోవడం.

మీ బండి లక్షణాలను బట్టి నాకు అన్నిటికంటే ముందు అనుమానం వచ్చేది డిస్ట్రిబ్యూటరు క్యాప్ మీద, వైర్ల మీద. కారణం చెబుతాను. ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ సిలిండరు లోపలి ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. ఖాళీగా రేజ్ చేసినప్పుడు ఒత్తిడి తక్కువ కాబట్టి బలహీనమైన రవ్వ కూడా దూకేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు లోతుగా తొక్కితే సిలిండరు నిండా గాలి, పెట్రోలు చేరి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా, దారిలో ఎక్కడైనా పగులు గానీ చెమ్మ గానీ ఉంటే అక్కడే బాడీకి దూకేస్తుంది. రేజ్ చేస్తే సర్దుకుని లోడు మీద ఎక్కిళ్లు పెట్టడం, వానాకాలంలో బయటపడడం, ఈ రెండూ కలిస్తే ముందు చూడవలసింది హైటెన్షన్ దారినే, అంటే కాయిల్ నుంచి ప్లగ్గు దాకా ఎక్కువ వోల్టేజీ వెళ్లే దారినే.

క్యాప్ విప్పి ఇంటికి తీసుకెళ్లి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని లోపలి వైపు చూడండి. ఒక కొన నుంచి మరో కొనకు, లేదా కొన నుంచి అంచుకు, చెట్టు వేరులా సన్నగా పాకిన నల్లటి గీత ఉందా? పెన్సిలుతో గీసినట్టు, వెంట్రుక మందాన ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోకుండా ఉంటే అది మురికి కాదు, కరెంటు తొలుచుకున్న బొగ్గు దారి. గీకి వాడుకుందామని చూడవద్దు, వారం రోజులకే మళ్లీ వస్తుంది. మధ్యలో ఉండే చిన్న కార్బన్ బొడిపె స్ప్రింగు మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడండి. ఆ తరువాత చీకటి పడ్డాక ఇంజను ఆన్ చేసి బానెట్ ఎత్తి, మొక్కలకు నీళ్లు చల్లే చిన్న స్ప్రే సీసాతో వైర్ల మీద, క్యాప్ మీద పలచగా మంచులా చల్లండి. వైరు నుంచి ఇనుముకు నీలి మెరుపు దూకడం కళ్లతోనే కనిపిస్తుంది, చిటపట వినిపిస్తుంది. చేతులు మాత్రం దూరంగా ఉంచండి.

కొన్నేళ్ల క్రితం తెనాలి వైపు నుంచి ఒక బండి నా దగ్గరికి వచ్చింది. అంతకు ముందే మరో షెడ్డులో హెడ్డు దించి, వాల్వులు గ్రైండింగ్ చేసి, కొత్త గ్యాస్కెట్ వేశారు. యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, అప్పటికే పెన్షను డబ్బులో పెద్ద మొత్తం దానికి పెట్టారు. మిస్సింగు మాత్రం అలాగే ఉంది. క్యాప్ లోపల మూడో కొన పక్కన గోరంత పొడవు గీత ఒక్కటే కనిపించింది. కొన్ని వందల రూపాయల క్యాప్, రోటరు మార్చాక బండి మళ్లీ కుట్టుమిషనులా నడిచింది. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఇంజను శబ్దం వింటూ ఉండిపోయారు. ఆ ముఖం గుర్తున్నందువల్లే మీకు ఇంత పొడవుగా రాస్తున్నాను.

వైర్లను మల్టీమీటరుతో కొలవండి. కార్బన్ కోరు వైరు పొడవును బట్టి కొన్ని వేల ఓంలు చూపడం సహజం. మూడింటిలో ఒకటి మిగతావాటి కంటే చాలా ఎక్కువ చూపినా, వైరును వంచుతుంటే అంకె ఎగిరిపడుతున్నా దాన్ని మార్చాల్సిందే. క్యాప్ విప్పినప్పుడే లోపల పాయింట్లు ఉన్నాయో, ఎలక్ట్రానిక్ పికప్ ఉందో తెలుస్తుంది. పాయింట్లు ఉంటే గ్యాపు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆరు నెలలు చెమ్మలో ఆగిన బండిలో పాయింట్ల ముఖాల మీద తుప్పు పొర పట్టి ఉంటుంది, సన్నటి గరుకు కాగితంతో తీసేయవచ్చు. ఒక ముఖం మీద గుంట, మరోదాని మీద మొటిమ లేచి ఉంటే కండెన్సరును కూడా మార్చండి.

చాలామంది చూడని చోటు ఇంకొకటి డిస్ట్రిబ్యూటరు లోపలే ఉంది. పాయింట్లకు వెళ్లే సన్నటి వైరు, వ్యాక్యూమ్ అడ్వాన్స్ (లోడును బట్టి రవ్వ పడే సమయాన్ని జరిపే భాగం) పళ్లాన్ని తిప్పిన ప్రతిసారీ, అటూ ఇటూ వంగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా వంగగా పైతొడుగు బాగానే కనిపిస్తూ లోపలి రాగి పోగులు తెగిపోతాయి. అలాంటి బండి ఐడ్లింగులో బాగుండి, యాక్సిలరేటరు కదిపినప్పుడల్లా తప్పుతుంది. ఆ వైరును మెల్లగా లాగి చూడండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. మీ బండి ఐడ్లింగులో కూడా ఊగుతోంది కాబట్టి ఇది రెండో అనుమానం మాత్రమే.

ఇక పెట్రోలు విషయం. ఆరు నెలల పాత పెట్రోలుతో ఏ పరీక్షా చేయవద్దు. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దశలవారీగా బంకులకు వచ్చింది. మీ బండి తయారైన నాటికి ఆ ఆలోచనే లేదు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి, బండి మొదట తాగేది దానినే. కార్బ్యురేటరు ఎంత శుభ్రంగా కడిగినా ట్యాంకులో అదే పెట్రోలు ఉంటే ప్రయోజనం లేదు. కొంత పెట్రోలును ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గానీ, నీటి గుండ్లు గానీ కనిపిస్తే మొత్తం తీసేసి, ఫిల్టరు మార్చి, తాజా పెట్రోలు పోయండి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండడం వల్ల పాత జెట్లతో మిశ్రమం కొంత పలచబడుతుంది కూడా, అయితే ఆ ఒక్క కారణంతో ఒకే సిలిండరు చావదు. పాత రబ్బరు హోసులు, పెట్రోలు పంపు డయాఫ్రం మాత్రం ఈ పెట్రోలుకు మెత్తబడడమో, పగలడమో జరుగుతుంది. వాటిని ఎలాగూ చూసుకోండి, పెట్రోలు కారే హోసు మిస్సింగు కంటే పెద్ద ప్రమాదం.

కార్బ్యురేటర్ విప్పి బిగించాక కొత్తగా పుట్టే లోపం దొంగగాలి. కింద ఉండే గ్యాస్కెట్ పాతదే వేశారా, వ్యాక్యూమ్ హోసులన్నీ తిరిగి వాటి వాటి చోట్ల తొడిగారా అని అడగండి. ఇంజను నడుస్తుండగా ఒక్కో హోసును ప్లయరుతో మెల్లగా నొక్కండి, ఏది నొక్కినప్పుడు ఐడ్లింగు కుదుటపడుతుందో అక్కడ లీకు ఉంది. మీ బండికి బ్రేకు బూస్టరు ఉంటే దాని లావు గొట్టాన్ని మరిచిపోవద్దు. వేడి ఇంజను మీద పెట్రోలు గానీ, మండే స్ప్రేలు గానీ కొట్టి లీకు వెతికే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, దయచేసి ఆ పని చేయనివ్వకండి. నీళ్ల స్ప్రే చాలు.

ఇవన్నీ దాటాకే కంప్రెషన్. గేజి ప్రతి మంచి షెడ్డులోనూ ఉంటుంది. ఇంజను వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, మూడు ప్లగ్గులూ విప్పాలి, కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసేయాలి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి ఐదారు కొట్లు తిప్పాలి. మీరు దగ్గరే ఉండి మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. మొత్తం ఎంత వచ్చిందన్నదాని కంటే, మూడింటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో మించిందా అన్నదే ఎక్కువ ముఖ్యం. ఒకటి తక్కువగా ఉంటే ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక టీస్పూను ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులూ బోరూ అరిగాయి, ఎందుకంటే ఆయిలు ఆ సందును తాత్కాలికంగా మూసింది. పెరగకపోతే లోపం వాల్వుల్లో ఉంది, బోరింగుతో దానికి సంబంధం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు సమానంగా తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఎక్కువ నమ్మకంతో చెప్పవచ్చు.

వాల్వు అని తేలినా వెంటనే హెడ్డు దించవద్దు, ముందు ట్యాపెట్లు, అంటే వాల్వులను నొక్కే చేతుల దగ్గరి గ్యాపు, చూడండి. శబ్దం వస్తోందని యజమాని అంటే మెకానిక్ బిగించేస్తాడు, శబ్దం పోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ గ్యాపు లేని ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, తన వేడిని హెడ్డుకు అప్పగించలేదు, కొన్ని వేల కిలోమీటర్లలో అంచు కాలిపోతుంది. కాస్త టకటకలాడే ట్యాపెట్‌తో అంత ముప్పు లేదు. మీ బండి ఎప్పుడైనా ఎల్పీజీ కిట్ మీద నడిచి ఉంటే వాల్వు సీట్లు మరింత త్వరగా అరుగుతాయి, ఆ సంగతి మెకానిక్‌కు తప్పక చెప్పండి. ట్యాపెట్ల గ్యాపును సర్వీసు మాన్యువల్ చెప్పిన కొలతకు సర్ది మళ్లీ కంప్రెషన్ చూస్తే, ఆగిన బండ్లలో కొన్నిసార్లు అంకె తిరిగి వస్తుంది. ఆరు నెలలు తెరిచి ఉండిపోయిన వాల్వు సీటు మీద పట్టిన సన్నటి తుప్పు కూడా కొద్దిసేపు నడిపితే రాలిపోవచ్చు.

ఆయిలు పోసినప్పుడు అంకె పెరిగి, సైలెన్సరు నుంచి నీలి పొగ వస్తూ, ఆయిలు డిప్‌స్టిక్ మీద గమనించేంతగా తగ్గుతుంటే అప్పుడు బోరింగ్ మాట సరైనదే. అప్పుడు కూడా హెడ్డు దించాక బోర్ గేజితో కొలత మీ ఎదుటే తీయమనండి. ఈ ఇంజను అసలు బోరు 68.5 మిల్లీమీటర్లు. ప్రతి సిలిండరునూ పైన, మధ్యలో, కింద, రెండు దిశల్లో కొలవాలి. అరుగుదల మాన్యువల్ హద్దు లోపే ఉంటే కొత్త రింగులు, హోనింగ్ (బోరు గోడలను సన్నగా రుద్దడం) సరిపోతాయి, హద్దు దాటితేనే ఓవర్ సైజు పిస్టన్లు. ఆ కొలతల కాగితం, మూడు కంప్రెషన్ అంకెలు, చచ్చిన సిలిండరు సంఖ్య, ఆ ప్లగ్గు ఫోటో ఇక్కడ పెడితే తరువాతి అడుగు ఏమిటో చెబుతాను. అప్పటివరకు బండిని ఒక సిలిండరు లేకుండా దూరం నడపవద్దు, మండని పెట్రోలు కిందకు జారి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది. ఇప్పటికే కొన్ని రోజులు అలా నడిపి ఉంటే డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తే లోపం సరిచేసిన రోజునే ఆయిలు కూడా మార్పించండి.